బండికి మన ముఖం తెలియదు

(నల్లగొండలో కార్ల ఓనర్లు, క్యాబ్ డ్రైవర్లు కలిసి పెట్టుకున్న సమావేశంలో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ చేసిన ప్రసంగం. మాట్లాడినట్టే రాసి, అక్కడక్కడా సరిచేశాం.)

అందరికీ నమస్కారం. నాకు టెస్టర్ పట్టుకోవడం అలవాటు గానీ మైకు పట్టుకోవడం అలవాటు లేదు. మధ్యలో ఎక్కడన్నా ఆగిపోతే బండి ఆగిందనుకుని కొంచెం ఓపిక పట్టండి.

కార్లలో వచ్చే యాంటీ థెఫ్ట్ లాక్ గురించి చెప్పమని నన్ను పిలిచారు. మావాళ్లు దాంతో చాలా తిప్పలు పడుతున్నారు అన్నారు. దొంగ పడాల్సిన తిప్పలు ఓనరు ఎందుకు పడుతున్నాడో ముందు ఒక పెళ్లి సంగతి చెప్తే మీకే అర్థమవుతుంది.

ఆ మధ్య మాఘమాసంలో ఒకరోజు పొద్దున్నే ఫోను. "అన్నా, బండి స్టార్ట్ అయితలేదు. సెల్ఫ్ కొడ్తుంది, ఒక్కసారి పట్టుకుంటది, మళ్ల ఆగిపోతది. మిర్యాలగూడల పదిన్నరకు ముహూర్తం." వెళ్లేసరికి బండి నిండా బంతిపూలు. చుట్టూ ఇరవై మంది, తలా ఒక సలహా. అప్పటికే ఒక మెకానిక్ వచ్చి బ్యాటరీ మార్చాడు. ఇంకొకాయన డీజిల్ ఫిల్టర్ విప్పాడు. మూడో ఆయన ఫ్యూజులన్నీ పీకి చూశాడు. పెళ్లికొడుకు బాసికం కట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు, ముఖంలో నెత్తురు లేదు.

నేను బానెట్ జోలికి పోలేదు. మీటరు వంక చూశాను. కారు బొమ్మ మీద తాళం గుర్తు ఎర్రగా టపటపా కొట్టుకుంటోంది. "నిన్న మొన్న ఈ కీకి ఏమన్నా చేయించిన్రా?" అని అడిగాను. పెళ్లికొడుకు తమ్ముడు ముందుకొచ్చి, "కవర్ పగిలితే కొత్త ఫ్లిప్ కవర్ వేయించిన అన్నా, పెళ్లి కదా" అన్నాడు. పాత కవర్ ఏదంటే చెత్తబుట్టలో ఉందన్నాడు. ఇరవై మందీ చెత్తబుట్ట మీద పడ్డారు. పాత కవర్ దొరికింది. దాని మూలకు, వరిగింజ కంటే కొంచెం పెద్దది, నల్లటి ముక్క ఒకటి అంటుకుని ఉంది. దాన్ని గోటితో తీసి కొత్త కవర్లో పెట్టాను. కీ తిప్పితే ఒక్క దెబ్బకు స్టార్ట్.

రిమోట్ బోర్డును కొత్త కవర్లోకి మార్చాడు కదా, అన్నీ మార్చినట్టే అనుకున్నాడు పాపం. రిమోట్ వేరు, ఆ నల్ల ముక్క వేరు. డోర్లు తెరిచేది రిమోట్. ఇంజన్‌ను బతకనిచ్చేది ఆ ముక్క. దాన్నే చిప్పు అంటాం, ట్రాన్స్‌పాండర్ అని కూడా అంటారు. అది లేకపోతే ఆ పూట పెళ్లికొడుకైనా సరే, కారు లెక్కలో దొంగే. బండికి మన ముఖం తెలియదు. మనం కట్టిన ఈఎంఐలు తెలియవు. దానికి తెలిసిందల్లా ఆ గింజంత ముక్క ఒక్కటే.

ఇప్పుడు అది పనిచేసే తీరు చెప్తాను. ఇక్కడున్నవాళ్లలో సగం మంది బోరు మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్ల సంగతి తెలిసిన రైతుబిడ్డలే కాబట్టి నాకు సులువు. కీ పెట్టి తిప్పే చోట, ఆ రంధ్రం చుట్టూ సన్నటి తీగ చుట్ట ఒకటి ఉంటుంది. ఆన్ చేయగానే ఆ చుట్ట నుంచి 125 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక రేడియో తరంగం వస్తుంది. కీలో ఉన్న చిప్పుకు సెల్లు ఉండదు. ట్రాన్స్‌ఫార్మర్‌లో ఒక చుట్టలోంచి పక్క చుట్టలోకి తీగ తగలకుండానే కరెంటు ఎక్కుతుంది చూడండి, అట్లాగే ఆ తరంగం నుంచే చిప్పు తనకు కావాల్సిన కాస్త కరెంటు తీసుకుని, తన నంబరు చెప్తుంది. బండిలో ఉన్న ఇమ్మొబిలైజర్ పెట్టె, అంటే ఇందాక అన్న యాంటీ థెఫ్ట్ లాక్, ఆ నంబరును తన దగ్గర రాసిపెట్టుకున్న వాటితో పోల్చుకుంటుంది. సరిపోతే ఇంజన్ కంప్యూటర్‌కు, అదే మనం ఈసీఎం అంటామే, దానికి 'కానీ' అంటుంది. సరిపోకపోతే ఇంజెక్టర్లకు ఆర్డరు పోదు. పెట్రోలు బండ్లలో స్పార్కు కూడా ఆగుతుంది. కొన్ని బండ్లలో సెల్ఫ్ కూడా తిరగదు. ఇదంతా మనం కీ తిప్పే ఒక్క క్షణంలో అయిపోతుంది కాబట్టి మనకు తెలియదు.

మొదట్లో వచ్చిన చిప్పులు ఎప్పుడూ ఒకే నంబరు చెప్పేవి. దాంట్లో ఇబ్బంది ఏంటంటే, ఒక్కసారి ఎవరన్నా విన్నారంటే వాళ్లూ చెప్పగలరు. పల్లెటూర్లో రాత్రిపూట తలుపు కొడితే లోపల ముసలమ్మ "ఎవరు?" అంటుంది. బయటివాడు "నేనేనే అవ్వా" అంటాడు. గొంతు కలిస్తే తలుపు తీస్తుంది. గొంతు మార్చేవాడు వస్తే మోసపోతుంది. తర్వాత వచ్చిన చిప్పుల కాలంలో ఆ అవ్వకు తెలివి పెరిగింది. "మీ మేనత్త రెండో కొడుకు పేరేంది?" అని ఒకరోజు, "మన ఎర్రావు ఏ సంతల కొన్నం?" అని ఇంకోరోజు అడుగుతుంది. నిన్నటి జవాబు ఈరోజు పనికిరాదు. బండి ఒక పెద్ద అంకె ఇస్తుంది. కీ, బండి రెండూ తమకు మాత్రమే తెలిసిన రహస్య లెక్క ఒకటి కట్టి జవాబు పోల్చుకుంటాయి. ఇప్పటి కార్లలో దాదాపు ఇదే పద్ధతి.

నేను పని నేర్చుకునేటప్పుడు ఇవేవీ లేవు. అంబాసిడర్లు, కమాండర్ జీపులు. దేవరకొండ రోడ్డు మీద జీపులో లోపల ఎంతమందో, టాపు మీద అంతమంది. దాని డీజిల్ పంపుకు కంప్యూటర్ లేదు, ఏమీ లేదు. నలుగురు నెడితే స్టార్ట్ అయ్యేది. కీ పోతే స్టీరింగ్ కింద రెండు వైర్లు కలిపేవాళ్లం. ఓనరు కలిపినా స్టార్ట్ అయ్యేది, దొంగ కలిపినా స్టార్ట్ అయ్యేది. అందుకని డ్రైవర్లు సీటు కిందనో, డాష్‌బోర్డు వెనకనో ఒక స్విచ్చు దాచిపెట్టించుకునేవాళ్లు. ఆ స్విచ్చు ఎక్కడుందో పెళ్లానికి కూడా చెప్పని డ్రైవర్లను చూశాను. (నవ్వులు)

బయట దేశాల్లో ఈ ఆలోచన ముందే వచ్చింది. అమెరికాలో 1986 కార్వెట్ అనే కారుకు కీ మీదనే చిన్న రెసిస్టర్ ఒకటి పెట్టారు. మొత్తం 15 రకాల విలువలు. తప్పు విలువ ఉన్న కీ పెడితే బండి కాసేపు మొండికేస్తుంది. 15 అంటే దొంగకు పెద్ద లెక్క కాదు గానీ దారి మాత్రం అదే. యూరప్‌లో 1998 నుంచి కొత్త కార్లన్నింటికీ ఇమ్మొబిలైజర్ ఉండాల్సిందే అన్నారు. కెనడాలో 2007లో అదే రూలు వచ్చింది. అమెరికాలో అట్లాంటి రూలు పెట్టలేదు. దాని ఫలితం మొన్న మొన్న చూశాం. అక్కడ 2015 మోడల్ కార్లను లెక్క తీస్తే, మిగతా కంపెనీల కార్లలో 96 శాతానికి ఇమ్మొబిలైజర్ ఉంటే, రెండు కంపెనీల కార్లలో 26 శాతానికే ఉంది. ఆ సంగతి వీడియోల్లో పాకి, పిల్లలు ఆటకు కార్లు ఎత్తుకుపోవడం మొదలుపెట్టారు. కాబట్టి మీటరులో ఆ ఎర్ర లైటు కొట్టుకున్నప్పుడు తిట్టుకోండి గానీ, పూర్తిగా పీకించేయాలని మాత్రం అనుకోవద్దు.

ఆ మాట ఊరికే అనలేదు. నెలకు ఒకరిద్దరన్నా షెడ్డుకు వచ్చి, "అన్నా, ఈ ఇమ్మొబిలైజర్ లొల్లి లేకుండ బైపాస్ చెయ్" అంటారు. నేను చేయను. ఆర్సీ చూపించలేని వాళ్లు అడిగితే బండినే షెడ్డులోకి రానివ్వను. ఓనరే అడిగినా చేయను. ఎందుకంటే రేపు ఆ బండి పోతే ఇన్సూరెన్స్ వాళ్లు వైరింగ్ సంగతి కూడా అడుగుతారు. ఇంకొకటి, వంద రూపాయల లోపానికి తాళాన్నే తీసిపారేసినట్టవుతుంది. ముందు లోపం ఏదో చూడాలి.

లోపం ఎట్లా కనిపెట్టాలి? కీ తిప్పితే టిక్ టిక్ అని శబ్దం, లేదా అసలు చప్పుడే లేదు, లైట్లు డల్లుగా ఉన్నాయి అంటే ముందు బ్యాటరీ చూడండి. పది కాల్స్‌లో సగానికి పైగా అదే. సెల్ఫ్ హుషారుగా తిరుగుతోంది, ఇంజన్ ఒకటి రెండు సెకన్లు పట్టుకుని చచ్చిపోతోంది, తాళం లైటు కొట్టుకుంటోంది అంటే అప్పుడు ఇమ్మొబిలైజర్ మీద అనుమానం. మామూలుగా అయితే ఆన్ చేయగానే ఆ లైటు కాసేపు వెలిగి ఆరిపోవాలి. బండి లాక్ చేసి ఇంటి ముందు పెట్టినప్పుడు కొన్ని కార్లలో ఎర్ర లైటు ఆగి ఆగి మెరుస్తూ ఉంటుంది. అది రోగం కాదు, దొంగను బెదిరించడానికి. ఒక రిటైర్డ్ సారు ఆ లైటు ఆరడం లేదని మూడు రాత్రులు బ్యాటరీ వైరు పీకి పడుకున్నాడు.

అనుమానం వచ్చినప్పుడు మొదట చేయాల్సింది కీల గుత్తి చూసుకోవడం. రెండు కార్ల కీలు ఒకే రింగుకు వేసే అలవాటు చాలామందికి ఉంది. రెండు చిప్పులు ఒకేసారి మాట్లాడితే బండికి ఏదీ అర్థం కాదు. రెండో కారు కీ, స్కూటీ చిప్ కీ, ఇనుప బిళ్లలు, ఇవన్నీ తీసేసి ఒంటరి కీతో ప్రయత్నించండి. కాకపోతే ఆఫ్ చేసి, ఒక నిమిషం ఆగి మళ్లీ చేయండి. అప్పటికీ కాకపోతే ఇంట్లో ఉన్న రెండో కీ తెచ్చి పెట్టండి. రెండో దాంతో స్టార్ట్ అయితే రోగం మొదటి కీది. రెండింటితోనూ కాకపోతే రోగం బండిది, అంటే ఆ తీగ చుట్టదో, వైరుదో, పెట్టెదో. మేం బండి కంప్యూటర్‌ను చదివే స్కానర్ పెట్టి వేలకు వేలు చెప్పే ముందు, మీరే ఇంటి దగ్గర సగం పరీక్ష చేసేయొచ్చు.

ఇక్కడే నేను అసలు మాటకు వస్తున్నా. రెండో కీ ఎంతమంది దగ్గర ఉంది? చేతులెత్తండి. ఊఁ... చూడండి, నలభై మందిలో పది మంది చెయ్యి ఎత్తలేదు. మిగతావాళ్లలో, ఆ రెండో కీతో ఈ సంవత్సరంలో ఒక్కసారైనా బండి స్టార్ట్ చేసి చూసినవాళ్లు? ముగ్గురు. అంతే.

కొత్త బండి కొన్నప్పుడు ఏం చేస్తాం? చెర్వుగట్టుకో, యాదగిరిగుట్టకో తీసుకుపోతాం. టైర్ల కింద నిమ్మకాయలు. రెండు కీలూ పళ్లెంలో పెడతాం, పంతులుగారు రెండింటికీ పసుపు కుంకుమ పెడతారు. ఇంటికొచ్చాక ఒకటి జేబులోకి, ఒకటి బీరువాలోకి. బీరువాలోకి పోయిన కీ మళ్లీ వెలుగు చూడదు. దానితోపాటు ఒక చిన్న బిళ్ల వస్తుంది, మీద అంకెలుంటాయి. అది కీ కోడ్. చాలామంది దాన్ని కంపెనీ కీచైన్ బిళ్ల అనుకుని పడేస్తారు. ఆ అంకెలను ఫొటో తీసి పెట్టుకోండి, బిళ్లను ఆర్సీతో పాటు దాచండి. బండిలో మాత్రం పెట్టొద్దు.

ఉన్న ఒక్క కీ పోతే ఏమవుతుంది? ఒక కీ ఉంటే రెండోది చేయడం సులువు. ఒక్కటీ లేకపోతే కథ వేరు. షోరూమ్‌కు ఆర్సీ, ఆధార్ చూపించాలి. కీ పోయినట్టు పోలీసుల దగ్గర రాసిచ్చిన కాగితం అడగొచ్చు. ఛాసిస్ నంబరుతో సెక్యూరిటీ కోడ్ తెప్పించాలి. కీ ఆర్డరు పెడితే ఎప్పుడొస్తుందో వాళ్లకూ తెలియదు. అందాకా బండి ఎక్కడ ఆగిందో అక్కడే. టోయింగ్ చేద్దామన్నా స్టీరింగ్ లాక్ పడి ఉంటుంది, ముందు చక్రాలు తిరగవు, ఎత్తి వేరే బండి మీద వేసుకుని రావాలి. కొన్ని మోడళ్లలో అయితే ఈసీఎం, ఇమ్మొబిలైజర్, తాళం మొత్తం సెట్టే మార్చాలంటారు. ఉన్నప్పుడు రెండో కీకి పోయే కొన్ని వేలకు జనం ఏడుస్తారు. లేనప్పుడు దానికి ఎన్నో రెట్లు కట్టి నోరు మూసుకుంటారు.

రోడ్డు పక్కన గొడుగు కింద కూర్చుని కీలు కోసే సాయబుల్లో మంచి పనివాళ్లున్నారు. చిప్పుకు చిప్పు కాపీ కొట్టే మిషన్లు కూడా ఇప్పుడు వాళ్ల దగ్గర ఉన్నాయి. తప్పు లేదు. కానీ రెండు సంగతులు చూసుకోండి. ఒకటి, ఇనుప కీ మాత్రమే కోసి ఇస్తే డోరు తెరుచుకుంటుంది, బండి స్టార్ట్ కాదు. రెండు, మీ కీ వాళ్ల దగ్గర పెట్టి టీకి పోవద్దు. మీ కళ్ల ముందే పని కావాలి.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. ఇంజన్ చూస్తారు, టైర్లు చూస్తారు, ఏపీ 24 బండా, టీఎస్ 05 బండా, టీజీయా అని చూస్తారు, కీలు మాత్రం లెక్కపెట్టరు. అమ్మేవాడు ఒక్కటే ఇస్తే రెండోది ఎక్కడుందని గట్టిగా అడగండి. చాలా మోడళ్లలో స్కానర్ పెడితే బండికి ఎన్ని కీలు రాసి ఉన్నాయో కనిపిస్తుంది. మూడు అని చూపించి మీ చేతిలో ఒకటే ఉంటే, మిగతా రెండు ఎవరి జేబులో ఉన్నట్టు? పాతవన్నీ చెరిపించి, మీ చేతిలో ఉన్నవాటినే మళ్లీ రాయించుకోవాలి. ఎదిర గ్రామం అవతల, పాలమూరు వైపు నుంచి వచ్చిన ఒకాయనకు అట్లా చేస్తే, అరగంటలో పని అయిపోయింది. ఆయన ఆ రాత్రి నిద్రపోయానని ఫోన్ చేసి చెప్పాడు.

ఇప్పుడు పుష్ బటన్ కార్లు. కీ జేబులో ఉంటే చాలు, బ్రేక్ తొక్కి బటన్ నొక్కితే స్టార్ట్. సుఖమే. కానీ దాంట్లో ఒక చిన్న గుండ్రటి సెల్లు ఉంటుంది. ఎక్కువగా సీఆర్ 2032. అది ఏడాది, రెండేళ్లు వస్తుంది. అయిపోయే ముందు మీటరులో కీ బ్యాటరీ తక్కువ అని చూపిస్తుంది. దాన్ని మనం వాట్సాప్‌లో గుడ్ మార్నింగ్ చూసినట్టు చూసి వదిలేస్తాం.

పోయిన శివరాత్రి తర్వాత ఒక కుటుంబం శ్రీశైలం పోయి వస్తోంది. దోమలపెంట దాటి, వటవర్లపల్లి దగ్గర టీ తాగడానికి ఆగారు. మళ్లీ ఎక్కబోతే డోర్ తెరుచుకోదు. మన్ననూరు గేటు సంగతి మీకు తెలుసు. రాత్రి తొమ్మిదికి మూస్తారు, పొద్దున ఆరింటి దాకా అడవి రోడ్డు మీద బండ్లు తిరగవు. ఇటు చూస్తే టైము ఏడున్నర. చిన్న పిల్లలు, పెద్దావిడ. అక్కడ ఫోన్ సిగ్నల్ ఒకసారి ఉంటుంది, ఒకసారి ఉండదు. మూడోసారికి ఆ ఇంటాయన ఫోన్ నాకు కలిసింది. "అన్నా, అద్దం పగలగొట్టాలా?" అన్నాడు. టెన్షన్‌లో గొంతు వణుకుతోంది.

పగలగొట్టొద్దు అన్నాను. ఆ రిమోట్ పక్కన చిన్న మీట ఉంటుంది, నొక్కి లాగితే సన్నటి ఇనుప కీ బయటికొస్తుంది. డ్రైవర్ డోరు హ్యాండిల్ దగ్గర రంధ్రం ఉంటుంది, కొన్నింట్లో దాని మీద మూత ఉంటుంది, దాంతో తెరువు. తెరవగానే హారన్ మోగొచ్చు, భయపడకు. లోపల కూర్చుని బ్రేక్ తొక్కి, రిమోట్‌ను సరిగ్గా స్టార్ట్ బటన్‌కు ఆనించి, ఆ రిమోట్‌తోనే బటన్‌ను నొక్కు. ఇట్లా చెప్తుండగానే ఫోన్ కట్ అయింది. నాకు ఇక్కడ అన్నం సయించలేదు. గంటంబావు తర్వాత మన్ననూరు నుంచి ఫోన్ చేశాడు. గేటు దాటినం అన్నా అన్నాడు.

అదెట్లా స్టార్ట్ అయింది? సెల్లు అయిపోయింది కదా? ఇందాక చెప్పిన ట్రాన్స్‌ఫార్మర్ లెక్కే. పుష్ బటన్ రిమోట్‌లో కూడా సెల్లు అక్కరలేని చిప్పు ఒకటి ఉంటుంది. దాన్ని బండిలోని చుట్టకు దగ్గరగా పెడితే చాలు. చాలా కార్లలో ఆ చుట్ట స్టార్ట్ బటన్ వెనకే ఉంటుంది. కొన్నింట్లో కప్పు పెట్టుకునే చోట, కొన్నింట్లో గేరు దగ్గర పెట్టెలో ఉంటుంది. మీ కారులో ఎక్కడో కారుతో వచ్చిన పుస్తకంలో రాసి ఉంటుంది. ఆ పుస్తకం డ్యాష్‌బోర్డు అరలో ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా ఉంటుందని నాకు తెలుసు. ఈరోజు ఇంటికి పోయాక ఆ ఒక్క పేజీ చదవండి. పార్కింగ్‌లో ఒకసారి చేసి చూడండి. అడవిలో మొదటిసారి చేయడం కంటే నయం.

పుష్ బటన్‌కు ఇంకో బెడద ఉంది. రిలే దొంగతనం అంటారు, బయట దేశాల్లో ఎక్కువ. ఇద్దరు వస్తారు. ఒకడు ఇంటి గోడ పక్కన, ఒకడు కారు పక్కన. కారు, కీ మధ్య జరిగే మాటను వాళ్ల పెట్టెలు అటు నుంచి ఇటు మోస్తాయి. కీ పక్కనే ఉందనుకుని కారు తెరుచుకుంటుంది. దీనికి మందు మన వంటింట్లోనే ఉంది. మూత గట్టిగా పట్టే స్టీల్ డబ్బాలో రాత్రిపూట కీ పెట్టండి. పనిచేస్తోందో లేదో చూడాలంటే డబ్బాతో సహా కారు దగ్గరికి పోయి డోర్ లాగండి. తెరుచుకుంటే ఆ డబ్బా పనికిరాదు, ఇంకోటి వెతకండి. కీలు గుమ్మం పక్క మేకుకు తగిలించే అలవాటు మాత్రం మానండి.

(సభలోంచి ఒకరు: "సార్, రిమోట్ పిల్లలు నొక్కి నొక్కి చెడగొట్టిన్రు. ఇప్పుడు డోర్ తెరుస్తలేదు, బండి మాత్రం స్టార్ట్ అయితది.")

మంచి ప్రశ్న. ఇందాక చెప్పానే, రిమోట్ వేరు చిప్పు వేరు అని. రిమోట్ మన దేశంలో ఎక్కువగా 433 మెగాహెర్ట్జ్ మీద మాట్లాడుతుంది. నొక్కిన ప్రతిసారీ కోడ్ ముందుకు జరుగుతుంది, నిన్న పట్టుకున్న కోడ్‌తో ఇవాళ తెరవకుండా. బండికి దూరంగా పిల్లలు వందలసార్లు నొక్కితే రిమోట్ లెక్క ముందుకు పోతుంది, బండి లెక్క వెనకే ఉంటుంది. కొన్నింటికి వరసగా రెండుసార్లు నొక్కితే కుదురుతుంది, కొన్నింటికి మళ్లీ రాయించాలి. ముందు సెల్లు మార్చి చూడండి, దానికే సరిపోవచ్చు.

పిల్లలు అన్నారు కాబట్టి ఇంకో మాట, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. రిమోట్‌తో అన్‌లాక్ చేసి ఏ డోరూ తెరవకపోతే చాలా కార్లు అర నిమిషానికి అటూ ఇటుగా వాటంతట అవే లాక్ అవుతాయి. కీ సీటు మీద పడేసి, పిల్లను లోపల కూర్చోబెట్టి, డిక్కీ సర్దుతూ ఉంటే టక్ మని లాక్ పడిన సందర్భాలు నాకు తెలుసు. మన నల్లగొండ ఎండలు మీకు చెప్పక్కర్లేదు, మే నెలలో 44, 45 డిగ్రీలు. అద్దాలు మూసిన కారులో వేడి నిమిషాల్లో పెరుగుతుంది. పసిపిల్ల లోపల ఉంటే మెకానిక్‌కు ఫోన్ చేస్తూ కూర్చోవద్దు. పిల్లకు దూరంగా ఉన్న పక్క అద్దం మూల మీద రాయితో కొట్టండి. ముందు అద్దం మాత్రం పగలదు, దాని జోలికి పోవద్దు. అద్దం రెండు మూడు వేలు. అంతే.

ఇక బయట వేయించుకునే సెంట్రల్ లాకింగ్, అలారంలు. చవకగా వేసేవాళ్లు ఇగ్నిషన్ వైరు కోసి మధ్యలో రిలే అనే చిన్న కరెంటు స్విచ్చు ఒకటి పెడతారు. కొన్నాళ్లకు ఆ రిలే కాలుతుంది, నార్కట్‌పల్లి ఫ్లైఓవర్ మీద బండి నడుస్తూ నడుస్తూ ఆగిపోతుంది. వెనక లారీ. ఒక్కసారి ఆలోచించండి. వైరు కోయకుండా కంపెనీ కనెక్టర్లకే తగిలించే కిట్లు ఉంటాయి, అవే వేయించుకోండి. జెర్రీ పాకినా, ఉరిమినా అర్ధరాత్రి ఊళేసే అలారం వల్ల దొంగలు దొరికింది నేను చూడలేదు, పక్కింటివాళ్లతో తగాదాలు మాత్రం చూశాను. గేర్ లాక్ పాత పద్ధతే గానీ మంచిది. దొంగకు కావాల్సింది టైము పట్టకుండా పని అయిపోవడం, గేర్ లాక్ వాడి టైము తింటుంది. బండ్లను, వాటి సామాన్లను పరీక్షించే ఏఆర్ఏఐ సంస్థ ఆమోదం ఉన్న యాంటీ థెఫ్ట్ పరికరం ఉంటే ఇన్సూరెన్స్ ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో, అంటే మన బండి నష్టానికి కట్టే భాగంలో, రెండున్నర శాతం, ఎక్కువలో ఎక్కువ 500 రూపాయలు తగ్గించే పద్ధతి ఉంది. ఏజెంటును అడగండి, ఆయనంతట ఆయన చెప్పడు.

కీ అసలు తిరగనే తిరగడం లేదని గుంజి విరగ్గొట్టుకునేవాళ్లు ఉన్నారు. అది స్టీరింగ్ లాక్. ఒక చేత్తో స్టీరింగ్‌ను అటూ ఇటూ కొంచెం ఆడిస్తూ ఇంకో చేత్తో కీ తిప్పండి, అదే వస్తుంది. బ్యాటరీ మారిస్తే బండి కీలను మర్చిపోతుందని కొందరికి భయం. మర్చిపోదు, ఆ నంబర్లు కరెంటు లేకపోయినా ఉండే మెమరీలో ఉంటాయి.

ఇంత చేసినా బండి పోతే? ముందు 100కు ఫోన్ చేయండి. అదే రోజు స్టేషన్‌కు పోయి ఎఫ్ఐఆర్ చేయించండి. ఇప్పుడు దొంగతనం భారతీయ న్యాయ సంహిత 303 సెక్షన్ కింద రాస్తున్నారు, పాత ఐపీసీ 379 కాదు. ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా వెంటనే చెప్పండి. పోలీసులకు వెంటనే చెప్పి, కంపెనీకి చెప్పడంలో కొంచెం ఆలస్యమైతే అదొక్క కారణంతో క్లెయిము కొట్టేయకూడదని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. అయినా ఆలస్యం చేయొద్దు.

కంపెనీవాళ్లు మిమ్మల్ని అడిగే మొదటి కాగితాల్లోనే ఇది ఉంటుంది: బండికి వచ్చిన రెండు కీలూ ఇవ్వండి. ఒకటే ఇస్తే రెండోది ఎక్కడ అంటారు. పోయిందంటే ఎప్పుడు పోయింది, పోలీసులకు చెప్పారా, బండితో పాటే పోయిందా అని ప్రశ్న మీద ప్రశ్న. మీరు కీ బండిలోనే వదిలి మిర్చి బజ్జీలకు దిగారేమో అని వాళ్ల అనుమానం. అట్లా వదిలితే నిర్లక్ష్యం కింద సొమ్ము కోస్తారు. నాకు తెలిసిన ఒక డ్రైవర్ తమ్ముడికి ఈ రెండో కీ లేక ఎనిమిది నెలలు తిరిగే పని పడింది. కీ ఎప్పుడన్నా నిజంగా పోతే ఆరోజే పోలీసులకు రాసిచ్చి కాగితం తీసుకోండి. ఆ కాగితమే తర్వాత మీ రెండో కీ.

(సభలోంచి ఒక పెద్దాయన: "నాయనా, నా రెండో కీ నా కొడుకు దగ్గర ఉంది. వాడు డల్లాస్‌ల ఉన్నడు. పోయేటప్పుడు జేబుల పెట్టుకుని పోయిండు.")

(నవ్వులు) పెద్దాయనా, మీ కీ విమానం ఎక్కింది, మీ బండి మాత్రం చిట్యాల దాటలేదన్నమాట. కొరియర్లో వేయమనకండి, పోతే దిక్కు లేదు. దసరాకో, ఎవరి పెళ్లికో మన ఊరివాళ్లు వస్తుంటారు కదా, వాళ్ల చేతికి ఇచ్చి పంపమనండి. వచ్చాక బీరువాలో పెట్టకండి. ముందు కొత్త సెల్లు వేయండి, డోరు తెరిచి చూడండి, బండి స్టార్ట్ చేసి చూడండి. స్టార్ట్ కాకపోతే మాత్రం నా షెడ్డుకు రండి, ఆర్సీ మర్చిపోకుండా.